ఆరుబయట కారు ఫోటో: వేర్వేరు ఎక్స్‌పోజర్లు తీసి ఒకే చిత్రంగా కలిపే పద్ధతి

“మూడు ఎక్స్‌పోజర్లు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలిపాను. ఆకాశం బూడిద రంగుకు తిరిగింది, కారు ప్లాస్టిక్ బొమ్మలా ఉంది, టైర్లు నేలకు ఆననట్టు కనిపిస్తున్నాయి. తప్పు ఎక్కడ జరిగింది?” అన్న ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి, పని మొత్తాన్ని మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను. ఎక్స్‌పోజర్ అంటే ఫోటో కోసం కెమెరా లోపలికి వదిలే వెలుగు మోతాదు; అలా తీసిన ఒక్కో ఫోటోనే ఇక్కడ ఫ్రేము అంటున్నాను. నా అనుభవంలో ఈ తప్పుల్లో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందు కూర్చోకముందే, కలపడానికి పనికివచ్చే ఫ్రేములు తీయకపోవడం వల్లనే జరిగిపోయి ఉంటాయి.

నేను పాటించే నియమం ఒకటే: ప్రతి ఫ్రేముకూ ఒక పని ఉండాలి. ఇది ఆకాశానికి, ఇది డోర్లకు, ఇది ముందు అద్దానికి, ఇది చక్రాలకు అని షట్టర్ నొక్కే ముందే తెలిసి ఉండాలి. అలా తీసిన ఆరేడు ఫ్రేములతో సాఫీగా ముగిసే పని, ఏ పనీ అప్పగించకుండా తీసిన ముప్పై ఫ్రేములతో రాత్రంతా కూర్చున్నా తెమలదు.

1. కారు ఒళ్లు అద్దం లాంటిదని గుర్తుంచుకోవడం

కారు రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. మనం మెరుపు అని పిలిచేది ఆ పొర మీద పడిన పరిసరాల ప్రతిబింబమే. కెమెరాకు ఎదురుగా ఉన్న డోర్ల మీద కనిపించేది కెమెరా వెనక ఉన్న దృశ్యం; బానెట్ మీద, రూఫ్ మీద కనిపించేది ఆకాశం.

అందువల్ల స్థలం చూసేటప్పుడు కారు వెనక నేపథ్యం బాగుందని సంతృప్తి పడి ఆగిపోకూడదు. కెమెరా పెట్టబోయే చోట నిలబడి ఒకసారి పూర్తిగా వెనక్కి తిరగాలి. అక్కడ చెట్లు, కరెంటు స్తంభాలు, ఆగి ఉన్న బండ్లు ఉంటే అవన్నీ డోర్ల మీద వంకర గీతలై తేలతాయి. వాటిని తర్వాత తుడిచివేయడం సాధ్యమే గానీ, వంపు తిరిగిన రేకు మీద రంగు నెమ్మదిగా మారే చోట ఆ తుడుపు కనిపించకుండా చేయడం ఎడిటింగ్ అంతటిలోనూ విసుగు పుట్టించే పని.

కారు రంగును బట్టి కూడా వ్యూహం మారుతుంది. నల్ల కారుకు దాదాపుగా సొంత వెలుగు ఉండదు. ప్రతిబింబాలే దాని ఆకారాన్ని చూపిస్తాయి, కాబట్టి పరిసరాలు శుభ్రంగా ఉండడం అన్నిటికంటే దానికే ముఖ్యం. తెల్ల కారు మీద ప్రతిబింబాలు అంతగా కనిపించవు గానీ, వెలుగు ఎక్కువైతే రూఫ్ అంచు ఆకాశంలో కలిసిపోతుంది. కెమెరా మీటరు (వెలుగును కొలిచే భాగం) దేన్ని చూసినా మధ్యస్థ బూడిద రంగుగా మార్చాలని చూస్తుంది కాబట్టి, తెల్ల కారును అవసరానికంటే చీకటిగానూ, నల్ల కారును అవసరానికంటే వెలుగుగానూ తీస్తుంది. ఫ్రేములో కారు ఎక్కువ భాగం ఆక్రమించినప్పుడు తెల్ల కారుకు సుమారు ఒక స్టాప్ (వెలుగు రెట్టింపు లేదా సగం అయ్యే కొలత) పెంచి, నల్ల కారుకు సుమారు ఒక స్టాప్ తగ్గించి మొదలుపెట్టి, హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి ఎడమ వైపు, వెలుగు కుడి వైపు ఎంత ఉందో చూపే గ్రాఫు) చూసి సవరించుకోవాలి.

2. స్థలం, సమయం

సూర్యుడు అస్తమించాక క్షితిజరేఖకు 6 డిగ్రీల కిందికి చేరేవరకు ఉండే సంధ్య వేళ ఈ పనికి అన్నిటికంటే అనువైనది. అప్పుడు పడమటి ఆకాశం మొత్తం ఒక పెద్ద మెత్తటి దీపంలా పనిచేస్తుంది. రేకు మీద ఎండ చురుకు ఉండదు, నీడలకు పదునైన అంచులు ఉండవు. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో ఈ వేళ 20 నుంచి 25 నిమిషాల్లో ముగిసిపోతుంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. సూర్యోదయానికి ముందు కూడా ఇదే వెలుగు దొరుకుతుంది గానీ, చీకట్లో కారు కడిగి, చీకట్లోనే కోణం నిర్ణయించుకోవలసి వస్తుంది కాబట్టి కొత్తవారికి సాయంత్రమే మేలు.

కారును నిలిపేటప్పుడు కెమెరాకు కనిపించే పక్క, ఆకాశంలో వెలుగు ఎక్కువగా ఉన్న దిక్కుకు తిరిగి ఉండేలా చూడాలి. అప్పుడు డోర్ల పొడవునా ఒక వెలుగు పట్టీ, దాని కింద నేల ప్రతిబింబపు ముదురు పట్టీ ఏర్పడతాయి. ఈ రెండూ కలిసే గీత కారు నడుము మీది మడతకు దగ్గరగా, తెగిపోకుండా ముందు నుంచి వెనక వరకు సాగితే కారు ఆకారం దానంతట అదే తేలుతుంది. గీత వంకరగా ఉంటే కారును ఒకటి రెండు అడుగులు ముందుకో వెనక్కో జరిపి చూడాలి. కారును ఒకసారి నిలిపాక కదిలించడానికి బద్ధకించేవారు చాలామంది ఉన్నారు. ఆ రెండు నిమిషాల శ్రమ తర్వాత చాలా తుడుపు పనిని తప్పిస్తుంది.

స్థలం ఎంపికకు సరిచూసుకోవలసినవి:

- వాహనాలు తిరిగే రోడ్డు కాకూడదు. ప్రైవేటు స్థలమైతే యజమాని అనుమతి ముందే తీసుకోవాలి.
- కెమెరా వెనక ఆకాశం విశాలంగా, అడ్డులేకుండా ఉండాలి.
- రూఫ్ మీద మొలిచినట్టు కనిపించే స్తంభాలు, కొమ్మలు నేపథ్యంలో ఉండకూడదు.
- నేల సమతలంగా ఉండాలి. తెల్ల గీతలు, గుంతలు, చెత్త ఉండకూడదు.
- వీధి దీపాలు ఎప్పుడు వెలుగుతాయో, అవి ఏ రంగు వెలుగు ఇస్తాయో తెలిసి ఉండాలి.

3. కారును సిద్ధం చేయడం

కారును కడిగిన వెంటనే ఫోటో తీయకూడదు. సైడ్ మిర్రర్ల లోపల, డోర్ల సందుల్లో, నంబర్ ప్లేటు వెనక నిలిచిన నీరు చాలాసేపటి వరకు చారలుగా కారుతూనే ఉంటుంది. ముందుగా కడిగి, కొంత దూరం నడిపి నీరు రాలిపోనిచ్చి, స్థలానికి చేరాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడవడం మంచిది. ఒట్టి దుమ్ము మీద గట్టిగా రుద్దితే సన్నని గీతలు పడతాయి కాబట్టి, ముందు మెత్తగా దులిపి, తర్వాతే తుడవాలి.

చక్రాల విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. ముందు భాగమూ ఒక పక్కా కలిసి కనిపించే కోణంలో తీసేటప్పుడు, ముందు చక్రం రిమ్ము ముఖం కెమెరాకు కనిపించాలి; టైరు మీది గాళ్లు కనిపించకూడదు. అందుకోసం స్టీరింగును కెమెరా ఉన్న వైపుకు కాకుండా, అవతలి వైపుకు కొద్దిగా తిప్పాలి.

తుడవడం అయ్యాక చూసుకోవలసినవి:

- అద్దాలన్నీ పూర్తిగా మూసి గానీ, అన్నీ పూర్తిగా దించి గానీ ఉండాలి. సగం దించినవి ఉండకూడదు.
- డ్యాష్‌బోర్డు మీద కాగితాలు, వేలాడే వస్తువులు, సీట్ల మీద సంచులు తీసివేయాలి.
- సీటు బెల్టులు వాటి స్థానంలో ఉండాలి. సీట్ల వీపులు ఒకే వాలులో ఉండాలి.
- వైపర్లు పూర్తిగా కిందికి చేరి ఉండాలి.
- టైర్ల పక్క గోడలు తడి గుడ్డతో తుడవాలి. అతిగా మెరిసే నూనె పూత వద్దు. అది వెలుగు చుక్కలై తేలుతుంది.
- హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి, డోర్లు గట్టిగా మూయాలి.

చివరి అంశాన్ని నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒక సాయంత్రం ఎనిమిది ఫ్రేములు తీశాక, సీట్లో మరిచిన ఫోన్ కోసం డోరు తీసి, చేయి ఆనించి వంగి, మళ్లీ మూశాను. సస్పెన్షన్ కొన్ని మిల్లీమీటర్లు సర్దుకుంది. ఆ తర్వాతి ఫ్రేముల్లో కారు మాత్రమే కిందికి జరిగింది, నేపథ్యం కదలలేదు. ఎంత సర్దినా ఆ రెండు గుంపుల ఫ్రేములు ఒకదాని మీద ఒకటి కుదరలేదు. మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము వరకు ఎవరూ కారును ముట్టుకోకుండా ఉండాలన్నది అప్పటి నుంచి నా కచ్చితమైన షరతు. కారులో ఏ దీపం వెలిగించాలన్నా రిమోట్ తాళంతోనో, ముందే సిద్ధం చేసుకున్న స్విచ్‌తోనో వెలిగించే ఏర్పాటు చూసుకోవాలి.

4. కెమెరా, లెన్స్, సెట్టింగులు

వైడ్ లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే కెమెరాకు దగ్గరగా ఉన్న మూల ఉబ్బి, వెనక భాగం కుదించుకుపోతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా (36×24 మి.మీ. సెన్సర్ ఉన్నది) మీద 70 నుంచి 135 మి.మీ. మధ్య లెన్స్ కారు కొలతలను నిజాయితీగా చూపిస్తుంది. 85 మి.మీ. లెన్స్‌తో కారు పక్క మొత్తాన్ని చుట్టూ కొంత ఖాళీతో పట్టాలంటే సుమారు 14 మీటర్ల దూరం కావాలి. స్థలం చూసేటప్పుడే ఈ లెక్క గుర్తుండాలి. స్థలం చాలకపోతే 50 మి.మీ. వరకు దిగవచ్చు.

కెమెరా ఎత్తు హెడ్‌లైట్లకూ డోరు హ్యాండిళ్లకూ మధ్యలో ఉంటే చాలావరకు సరిపోతుంది. నిలబడి కంటి ఎత్తు నుంచి తీసిన ఫోటోలో రూఫే ఎక్కువ కనిపించి, కారు బరువు తగ్గినట్టు అనిపిస్తుంది.

సెట్టింగుల్లో ఫ్రేముకూ ఫ్రేముకూ మారవలసింది షట్టర్ వేగం ఒక్కటే. అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం పరిమాణం) మారితే ఫోకస్‌లో ఉండే లోతు మారి అంచులు కుదరవు; ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) మారితే ఒక్కో ఫ్రేములో ఒక్కో మోతాదు గరుకుదనం వస్తుంది; వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకు తగిన సవరణ) ఆటోలో ఉంటే ప్రతి ఫ్రేము రంగూ వేరవుతుంది.

- ఫైలు రకం: రా (కెమెరా సవరించకుండా దాచే మూల సమాచారం).
- మోడ్: మాన్యువల్.
- ఐఎస్‌ఓ: 100, లేదా ఆ కెమెరాలో ఉండే కనిష్ఠ మూల విలువ.
- అపెర్చర్: ఎఫ్/8 నుంచి ఎఫ్/11.
- వైట్ బ్యాలెన్స్: 5000 నుంచి 5500 కెల్విన్ మధ్య ఏదో ఒక విలువకు స్థిరంగా.
- ఫోకస్: ముందు డోరు మొదలయ్యే చోట ఆటోఫోకస్‌తో పట్టి, వెంటనే మాన్యువల్‌కు మార్చాలి.
- స్టెబిలైజేషన్: ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు ఆపేయాలి.
- షట్టర్: రిమోట్, లేదా 2 సెకన్ల టైమరు.

ట్రైపాడ్ మధ్య స్తంభాన్ని పైకి లేపకుండా, కాళ్లను వెడల్పుగా పరిచి, సంచిని కిందికి వేలాడదీస్తే గాలికి కదలదు. మెత్తటి మట్టి మీద కాళ్లు నెమ్మదిగా దిగబడతాయి కాబట్టి పలక ముక్కలు వేసుకోవాలి.

సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్ ఈ పనిలో తప్పనిసరి అనే అంటాను. అది ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుగును తింటుంది, అయినా సరే. క్లియర్ కోట్ నుంచి, అద్దం నుంచి వచ్చే ప్రతిబింబాలను అది తగ్గిస్తుంది. ఉపరితలంతో సుమారు 35 డిగ్రీల కోణంలో చూసినప్పుడు దాని ప్రభావం అత్యధికం. పూత లేని క్రోమ్ వంటి లోహం మీద మాత్రం అది దాదాపు ఏమీ చేయలేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. బానెట్ వంటి పడుకున్న తలాల నుంచి వచ్చే ప్రతిబింబమూ, డోర్ల వంటి నిలువు తలాల నుంచి వచ్చే ప్రతిబింబమూ ఒకదానికొకటి అడ్డంగా ధ్రువణం చెంది (వెలుగు తరంగాలు ఒకే దిక్కులో ఊగేలా మారి) ఉంటాయి. ఫిల్టరును ఒక స్థితికి తిప్పితే బానెట్, ముందు అద్దం శుభ్రపడి డోర్లు మెరుస్తాయి. ఇంకో స్థితికి తిప్పితే డోర్లు శుభ్రపడి బానెట్ తెల్లబారుతుంది. ఒకే ఫ్రేములో రెండూ సాధ్యం కావు కాబట్టి రెండు ఫ్రేములు తీసి కలపాలి. ప్రతిబింబాలన్నిటినీ తుడిచివేస్తే కారు మట్టి ముద్దలా కనిపిస్తుందన్నది కూడా మరవకూడదు. తీసేయవలసింది అడ్డదిడ్డమైన ప్రతిబింబాలను మాత్రమే.

5. ఫ్రేములు తీసే వరుస

వెలుగు నిమిష నిమిషానికీ తగ్గిపోయే వేళలో వరుస తప్పితే మళ్లీ దొరకదు. సూర్యాస్తమయానికి గంట ముందే స్థలంలో ఉండి, 15 నిమిషాల ముందు కల్లా కోణం, ఫోకస్ ముగించి కూర్చోవాలి.

ఆకాశం కోసం ఫ్రేము. సూర్యుడు అస్తమించిన వెంటనే, మబ్బుల రంగు నిలిచి ఉన్నప్పుడే తీయాలి. హిస్టోగ్రామ్ కుడి అంచును తాకకూడదు. కారు ఇందులో చీకటిగా ఉంటుంది. దాని గురించి చింత అక్కర్లేదు, ఈ ఫ్రేము పని ఆకాశం వరకే.

మూల ఫ్రేము. మరో 10 నుంచి 15 నిమిషాలకు ఆకాశపు వెలుగూ కారు మీది వెలుగూ ఒకదానికొకటి దగ్గరపడతాయి. కారు రంగు ఉన్నది ఉన్నట్టు కనిపించే ఎక్స్‌పోజర్ తీసుకోవాలి. మిగిలినవన్నీ చివరికి దీని మీదనే కూర్చుంటాయి.

దాని వెంటనే బ్రాకెటింగ్. మూల ఫ్రేముకు రెండు స్టాపులు కింద ఒకటి, రెండు స్టాపులు పైన ఒకటి. ఉదాహరణకు మూల ఫ్రేము ఎఫ్/8 దగ్గర అర సెకను అయితే, చీకటి ఫ్రేము 1/8 సెకను, వెలుగు ఫ్రేము 2 సెకన్లు. చీకటి ఫ్రేములో క్రోమ్ మీది మెరుపు చుక్కలు కూడా కుడి అంచు లోపలే ఉండాలి. వెలుగు ఫ్రేములో చక్రాల లోపలి భాగం, గ్రిల్ సందులు ఎడమ అంచు నుంచి బయటపడి ఉండాలి. మూడింటితో ఇది సాధ్యం కాకపోతే ఐదు తీయాలి. అంతకు మించి అవసరం పడిందంటే, సాధారణంగా ఇంకొంతసేపు ఆగకుండా తొందరపడ్డామని అర్థం.

పోలరైజర్ ఫ్రేములు. మూల ఎక్స్‌పోజర్‌తోనే, ముందు అద్దమూ బానెట్టూ శుభ్రపడే స్థితిలో ఒకటి, డోర్లు శుభ్రపడే స్థితిలో ఇంకొకటి. ఫిల్టరును తిప్పేటప్పుడు లెన్స్ ఫోకస్ రింగు కదలకుండా వేలి కొసలతో మెల్లగా తిప్పాలి; తిప్పాక ఒకసారి పెద్దది చేసి ఫోకస్ సరిచూడాలి.

దీపాల ఫ్రేము. హెడ్‌లైట్లు, టెయిల్ లైట్లు వెలిగించి, గాజు లోపలి నిర్మాణం కనిపించేంత తక్కువ ఎక్స్‌పోజర్‌తో ఒకటి. వెలుగు నేల మీద పరుచుకున్నట్టు కనిపించేంత ఎక్కువ ఎక్స్‌పోజర్‌తో ఇంకొకటి. చాలా ఎల్‌ఈడీ దీపాలు కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతూ ఉంటాయి. వేగమైన షట్టర్‌తో తీస్తే సగం ఆరిపోయినట్టు వస్తాయి. 1/30 సెకను కంటే నెమ్మదిగా ఉంటే సాధారణంగా ఆ బాధ ఉండదు.

చేతి దీపంతో ఫ్రేములు. చీకటి మరికాస్త ముదిరాక, పరిసరాలు మూల ఫ్రేము కంటే కనీసం రెండు స్టాపులు చీకటిగా వచ్చే ఎక్స్‌పోజర్ పెట్టి, షట్టర్ 8 నుంచి 15 సెకన్లు తెరిచి ఉంచాలి. మీటరు పొడవున్న ఎల్‌ఈడీ గొట్టం లాంటి దీపాన్ని పట్టుకుని, కారు అవతలి వైపు నుంచి, రూఫ్ కంటే కొంచెం పైన, ముందు నుంచి వెనక్కి ఒకే వేగంతో నడవాలి. రూఫ్ మీదా, కిటికీల పై అంచు మీదా తెగని వెలుగు గీత ఏర్పడుతుంది. గాలిలో కనిపించే దీపపు చారను తర్వాత మాస్క్‌తో (చిత్రంలో కావలసిన భాగాన్ని దాచే తెరతో) తీసేస్తాం. మధ్యలో ఆగితే ఆగిన చోట వెలుగు ముద్ద కడుతుంది. ముదురు రంగు బట్టలు వేసుకోవాలి. నల్ల కారు డోరు మీద నా తెల్ల చొక్కా ప్రతిబింబాన్ని తుడుస్తూ ఒక మధ్యాహ్నం గడిపిన అనుభవంతో చెబుతున్న మాట ఇది.

తర్వాత ఒక్కో చక్రానికి ఒక్కో ఫ్రేము, గ్రిల్‌కు ఒకటి, కారు లోపలి సీట్లకు బయటి నుంచి వెలుగు వేసి ఒకటి. ఏ ఫ్రేములోనూ దీపం ముఖం నేరుగా లెన్స్‌కు కనిపించకూడదు.

స్థలం విడిచే ముందు సరిచూసుకోవలసినవి:

- ఆకాశం, మూలం, చీకటి, వెలుగు: నాలుగూ పదునుగా ఉన్నాయా?
- పోలరైజర్ రెండు స్థితులూ తీశామా?
- దీపాలకు రెండు ఎక్స్‌పోజర్లు ఉన్నాయా?
- ప్రతి చక్రానికీ వెలుగు వేసిన ఫ్రేము ఉందా?
- కారును అక్కడి నుంచి తీసేశాక, ఖాళీ స్థలానికి ఒక ఫ్రేము తీశామా? నేల మీద లోపాలు సవరించడానికి ఇది ఎంత ఉపయోగమో ఒకసారి వాడితే తెలుస్తుంది.

6. రా ఫైళ్లను ఒకే తీరున తెరవడం

లైట్‌రూమ్‌లో గానీ, కెమెరా రాలో గానీ అన్ని ఫ్రేములకూ ఒకే వైట్ బ్యాలెన్స్, ఒకే ప్రొఫైల్, ఒకే లెన్స్ సవరణ వర్తింపజేయాలి. మూల ఫ్రేముకు సవరించి, మిగిలినవాటికి సింక్ చేస్తే చాలు. క్రాప్, వంపు సరిచేయడం ఈ దశలో చేయకూడదు. ఒక్క ఫ్రేముకు వేరుగా జరిగినా లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చే చిత్రపు పొరలు) కుదరవు. షార్పెనింగ్ కూడా చివరికే ఉంచాలి.

పని లేని ఫ్రేములను ఇక్కడే పక్కన పెట్టి, మిగిలినవాటిని 16 బిట్ లోతుతో ఫోటోషాప్‌లో లేయర్లుగా తెరవాలి. ఒక్కో లేయరుకు దాని పనినే పేరుగా పెట్టాలి: “ఆకాశం”, “ముందు అద్దం”, “ఎడమ ముందు చక్రం”. పన్నెండు లేయర్లలో “లేయర్ 7 కాపీ” ఏమిటో వెతుక్కునే దుస్థితి ఉండదు. లేయర్లు, మాస్కులు ఉన్న ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఈ పద్ధతి పనిచేస్తుంది.

7. లేయర్లను కలపడం

ముందు లేయర్లన్నీ ఒకదాని మీద ఒకటి కుదిరాయో లేదో చూడాలి. పై లేయరును డిఫరెన్స్ మోడ్‌లో (రెండు లేయర్ల మధ్య తేడాను మాత్రమే చూపే తీరులో) పెట్టి, రూఫ్ అంచును, రిమ్ము పుల్లలను పెద్దది చేసి చూస్తే తెలుస్తుంది. వెలుగులో తేడా ఉంది కాబట్టి తెర పూర్తిగా నల్లబడదు; అంచుల వెంట జంట గీతలు లేకపోతే చాలు. ఉంటే ఆటో అలైన్ లేయర్స్‌లో రీపొజిషన్ ఎంచుకోవాలి. ఆటో ఎంపిక కొన్నిసార్లు చిత్రాన్ని వంచుతుంది.

మూల ఫ్రేమును అట్టడుగున ఉంచి, దాని పైన ఉన్న ప్రతి లేయరుకూ నల్ల మాస్క్ తగిలించాలి. ఇప్పుడు మూల ఫ్రేము ఒక్కటే కనిపిస్తుంది. ఇక అవసరమైన చోట మాత్రమే తెల్ల బ్రష్‌తో పై లేయరును బయటికి తీయాలి. మెత్తటి అంచున్న బ్రష్, ఫ్లో (ఒక్కో పూతలో పడే బలం) 5 నుంచి 15 శాతం. రెండు మూడు పూతల్లో రావలసిన మార్పును ఒక్క పూతలో తెచ్చుకోవాలని చూస్తే చుట్టూ మసక వలయం ఏర్పడుతుంది.

కారు హద్దు విషయంలో మెత్తటి బ్రష్ పనికిరాదు. పెన్ టూల్‌తో కారు చుట్టూ ఒక పాత్ (హద్దు గీత) గీసి భద్రపరచుకోవాలి. కిటికీలకు, చక్రాలకు, దీపాలకు వేరువేరు పాత్‌లు ఉంటే ఇంకా మంచిది. దీనికి అరగంట పడుతుంది, ఆ అరగంటను దాటవేసే దారి నాకు కనబడలేదు. పాత్‌ను సెలక్షన్‌గా మార్చేటప్పుడు 0.5 నుంచి 1 పిక్సెల్ ఫెదర్ (అంచు మెత్తదనం) ఇస్తే కత్తిరించి అతికించినట్టు ఉండదు.

నేను పాటించే వరుస ఇది. మొదట ఆకాశం. చెట్ల కొమ్మల వంటి చిక్కటి అంచులున్న చోట పాత్ కుదరదు కాబట్టి లూమినాసిటీ మాస్క్ వాడాలి. మూల ఫ్రేము మాత్రమే కనిపిస్తుండగా కంట్రోల్, ఆల్ట్, 2 మీటలు కలిపి నొక్కితే వెలుగును బట్టి ఒక సెలక్షన్ ఏర్పడుతుంది. వెలుగైన చోట్లు ఎక్కువగా, చీకటి చోట్లు తక్కువగా ఎంపికవుతాయి. ఆ సెలక్షన్ ఉండగానే మాస్క్ మీద బ్రష్ తిప్పితే ఆకాశం మారుతుంది, కొమ్మలు చాలావరకు అలాగే ఉంటాయి.

రెండోది కారు ఒళ్లు. పోలరైజర్ ఫ్రేముల్లోంచి ముందు అద్దాన్నీ బానెట్‌నూ ఒక లేయరు నుంచి, డోర్లను ఇంకో లేయరు నుంచి తెచ్చుకోవాలి. బానెట్టూ ఫెండరూ కలిసే చోట రెండు లేయర్ల సరిహద్దును రేకుల మధ్య ఉండే సన్నని సందు మీదనే ఉంచితే అతుకు ఎవరికీ కనిపించదు. పక్క కిటికీల్లో, వెనక అద్దంలో పోలరైజర్ వల్ల మచ్చలు తేలితే ఆ అద్దాలను మూల ఫ్రేము నుంచే ఉంచుకోవాలి. గట్టిపరిచిన గాజులోని ఒత్తిడి అలా మచ్చలుగా కనిపిస్తుంది.

మూడోది చీకటి మూలలు. గ్రిల్, రిమ్ము లోపలి భాగం, సీట్లు: వెలుగు ఫ్రేము నుంచి, పూర్తిగా కాకుండా సగం బలంతో. కారు కింది నీడ జోలికి మాత్రం వెళ్లకూడదు. టైరు నేలను తాకే చోట చిత్రంలోకెల్లా చిక్కటి నలుపు ఉండాలి. దాన్ని తేలిక చేసిన క్షణమే కారు గాలిలోకి లేస్తుంది. మొదట్లో చెప్పిన “నేలకు ఆనలేదు” అన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. ఆటోమేటిక్ హెచ్‌డీఆర్ (ఫ్రేములను సాఫ్ట్‌వేర్ తనంతట తానే కలిపే పద్ధతి) ప్రతి నీడనూ సమానంగా తేలిక చేయడం వల్ల ఇలా జరుగుతుంది.

నాలుగోది చేతి దీపం ఫ్రేములు. ఇవి లైటెన్ మోడ్‌లో ఉండాలి; ప్రతి చోటా రెండు లేయర్లలో వెలుగైనదాన్నే ఆ మోడ్ చూపిస్తుంది, కాబట్టి చీకటి పరిసరాలు వాటంతట అవే మాయమవుతాయి. గాలిలోని దీపపు చారను మాత్రం మాస్క్‌తో దాచాలి. దీపాల ఫ్రేములు చివరగా, ఇదే పద్ధతిలో.

8. తరచుగా ఎదురయ్యే లోపాలు, వాటి సవరణ

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం ఆకాశానికీ కారుకూ పొంతన లేకపోవడం. ఆకాశాన్ని బాగా ముదురు చేసి, బానెట్ మీది ఆకాశపు ప్రతిబింబాన్ని పాత వెలుగులోనే వదిలేస్తారు. క్లియర్ కోట్ తన మీద పడిన వెలుగులో కొంత భాగాన్నే తిప్పి పంపుతుంది కాబట్టి, ప్రతిబింబం అసలు వస్తువు కంటే వెలుగుగా ఉండడానికి వీలులేదు. నల్ల కారు మీద దీన్ని పోల్చడం సులభం: బానెట్‌లో కనిపించే ఆకాశం, దానికి మూలమైన ఆకాశపు భాగం కంటే ముదురుగా ఉండాలి. చూసేవారికి కారణం తెలియకపోయినా “ఏదో తేడాగా ఉంది” అని కన్ను పట్టేస్తుంది. ఆకాశాన్ని ఒక స్టాపు వెనక్కి తేలిక చేయడమే తగిన సవరణ.

రూఫ్ చుట్టూ తెల్లటి అంచు. మాస్క్ హద్దు కారు బయటికి జరిగినందువల్ల వస్తుంది. మాస్క్‌ను ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి కుదించాలి; అప్పటికీ మిగిలితే క్లోన్ స్టాంపును డార్కెన్ మోడ్‌లో పెట్టి, పక్కన ఉన్న ఆకాశంతో పూయాలి.

మబ్బులు, ఆకులు రెండేసిగా కనిపించడం. ఫ్రేముల మధ్య అవి కదిలాయి. వాటిని ఒకే ఫ్రేము నుంచి తీసుకోవాలి, కలపకూడదు.

రంగుల తగవు. సంధ్య వెలుగు నీలంగా, చేతి దీపం పసుపుగా ఉంటే ఒకే డోరు మీద రెండు రంగులు కనిపిస్తాయి. ఆ లేయరుకు మాత్రమే వర్తించేలా క్లిప్ చేసిన రంగు సవరణతో దీపపు వెలుగును సంధ్య వైపుకు కొద్దిగా లాగాలి. పూర్తిగా ఒకటి చేయనక్కర్లేదు. హెడ్‌లైటు వెచ్చదనం కొంత ఉంటేనే సాయంత్రం సాయంత్రంలా ఉంటుంది.

ప్లాస్టిక్‌లా కనిపించడం. క్లారిటీ (వెలుగునీడల చిన్న తేడాలను పెంచే సవరణ), నాయిస్ (గరుకుదనం) తగ్గింపు రెండూ అతిగా వాడినందువల్ల రేకు మీది వెలుగు మార్పులు చదునవుతాయి. రేకు మీద క్లారిటీ అసలు వాడకుండా, గ్రిల్, టైర్లు, నేల వంటి గరుకు తలాలకే పరిమితం చేయాలి.

దుమ్ము చుక్కలు, చిన్న గీతలను కొత్త ఖాళీ లేయరు మీద హీలింగ్ బ్రష్‌తో తీయాలి. రేకు మడతల వెంట బ్రష్‌ను మడత దిక్కుకే లాగాలి, అడ్డంగా కాదు.

9. చివరి మెరుగులు, ఎగుమతి

50 శాతం బూడిద రంగుతో నింపిన లేయరును సాఫ్ట్ లైట్ మోడ్‌లో పెట్టి, తక్కువ బలం ఉన్న తెల్ల, నల్ల బ్రష్‌లతో కారు మడతలను మెల్లగా తేల్చవచ్చు. నడుము గీత పై అంచుకు కొంచెం వెలుగు, దాని కింద కొంచెం నీడ. అంతకు మించితే రేకు వంపే మారిపోయినట్టు కనిపిస్తుంది.

ఆ తర్వాత ఫైలును మూసి, కనీసం కొన్ని గంటలు పక్కన పెట్టి మళ్లీ తెరవాలి. తాజా కంటికి మొదట ఎక్కడ అతుకు కనిపిస్తే అక్కడ మాస్క్ బలాన్ని తగ్గించాలి. చిత్రాన్ని అద్దంలోలా అడ్డంగా తిప్పి చూస్తే, అలవాటుపడిన కన్ను దాచిన లోపాలు బయటపడతాయి.

ఎగుమతికి ముందు:

- ప్రతి మాస్క్‌ను ఆల్ట్ మీటతో క్లిక్ చేసి విడిగా చూడాలి. మరిచిపోయిన బూడిద చుక్కలు కనిపిస్తే తుడవాలి.
- క్షితిజరేఖ సమంగా ఉందో చూసి, అవసరమైన క్రాప్ ఇప్పుడే చేయాలి.
- నంబర్ ప్లేటు కనిపించడం యజమానికి ఇష్టం లేకపోతే కప్పేయాలి; ప్రతిబింబంలోనూ, నేల తడిగా ఉంటే అక్కడా చూడాలి.
- లేయర్లన్నీ ఉన్న అసలు ఫైలును 16 బిట్ లోతులోనే విడిగా భద్రపరచాలి.
- తెరల మీద చూపే ప్రతిని ఎస్‌ఆర్‌జీబీ (చాలా తెరలు వాడే రంగుల ప్రమాణం) రంగుల్లోకి మార్చి, చిన్నది చేశాకే షార్పెన్ చేయాలి.
- ఆ ప్రతిని ఒకసారి ఫోన్‌లో, వెలుగు సగానికి తగ్గించి చూడాలి. అక్కడ టైర్లు నల్లటి ముద్దలుగా కలిసిపోతే వెలుగు ఫ్రేము లేయరుకు వెళ్లి, టైరు పక్క గోడల మీద మాత్రమే ఇంకొక పూత వేసి, మళ్లీ ఎగుమతి చేయాలి.